అమ్మ కేస్ షీటులో చిన్నమ్మ జబ్బు

మా అమ్మకు ఒంట్లో ఏదో తేడా వచ్చిందని మొదట కనిపెట్టింది నేను కాదు, మా చిన్నమ్మ. ఈ మాట మొదటే రాసేస్తే మిగతాది రాయడం కొంచెం సులువవుతుంది.

ఎండాకాలం సెలవులకు కడప నుంచి మా విమలను ఎత్తుకొని ఆదోనిలోని పుట్టింటికి వచ్చి అప్పటికి కొద్ది రోజులే అయింది. విమలకు రెండో ఏడు నడుస్తోంది. ఆ రోజు అమ్మ తలంటి పోసుకోవాలి. నేను ఆముదం గిన్నె చేతికి తీసుకొని, "ఈ పూట నేను రుద్దుతానమ్మా" అన్నాను. అమ్మ నా చేతిలో గిన్నె తీసుకొని, నా ముఖమైనా చూడకుండా పక్కనున్న చిన్నమ్మకు అందించింది.

"నీకు చేతగాదులే పాపా. నా వీపు దానికి తెలుసు."

నేను వంటింటి గడప మీద కూర్చొని చూస్తూ ఉన్నాను. చిన్నమ్మ చేయి అమ్మ మెడ మీదుగా కిందికి దిగి, రెండు భుజాల నడుమ ఆగిపోయింది.

"అక్కా, ఈడ ఏందో గట్టిగా ఉండాది. నొస్తాందా?"

"సెగ్గడ్డ గాబోలు. ఎండలు శానా ఉండాయి గదా."

"సెగ్గడ్డకు ఒక్క నోరుంటాది. దీనికి నాలుగైదు నోర్లుండాయి. నాకు చెప్పకుండా ఎన్నాళ్ళ నుంచి పెంచుతాండావే?" అంది చిన్నమ్మ. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అమ్మ వీపు మీద ఏముందో చూడడానికి కూడా నాకు ఇంకొకరి అనుమతి కావాలన్నట్టు అనిపించింది.

మా ఇంటి సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మా నాయిన ఆలూరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఆదోనిలో ఒక నూలు మిల్లులో బాయిలర్ మేస్త్రీగా కుదిరాడు. నేను పుట్టాక అమ్మకు మళ్ళీ కాన్పు నిలవలేదు. కొడుకు కోసం నాయినకు రెండో పెండ్లి చెయ్యాలని పెద్దవాళ్ళు పట్టుబట్టినప్పుడు, అమ్మే పుట్టింటికి పోయి తన సొంత చెల్లెలు నరసమ్మను తెచ్చుకుంది. "బయటి మనిషి వస్తే నా నెత్తిన కూర్చుంటాది. చెల్లెలైతే పక్కన కూర్చుంటాది" అని ఆమె లెక్క. చిన్నమ్మకు పిల్లలే కలగలేదు. అందుకే నేను ఒక్కదాన్నే మిగిలాను. ఇద్దరు తల్లుల బిడ్డ, అదృష్టవంతురాలు అనేవారు అందరూ. నాకు మాత్రం వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఉన్నట్టూ, నేను వాకిట్లో నిలబడి తలుపు తట్టుతున్నట్టూ ఉండేది. కర్నూలులో కాలేజీ చదువు చదివినా, పెండ్లయి ఒక బిడ్డకు తల్లినైనా, ఆ వాకిలి దాటి లోపలికి పోలేకపోయాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆనవాళ్ళు అంతకుముందే ఉన్నాయి. చలికాలం నుంచీ అమ్మ ముంతలు ముంతలు నీళ్ళు తాగేది. మా వైపు ఎండలకు దాహం ఎవరికి లేదు? ఎవరూ పట్టించుకోలేదు. మనిషి చిక్కింది. స్నానాల గచ్చు మీద చీమలు బారులు తీరేవి. బెల్లం నీళ్ళు ఒలికాయనుకొని చిన్నమ్మ కడిగేసేదట.

గడ్డ మీద చిన్నమ్మ ఉల్లిగడ్డ కాల్చి పసుపుతో కట్టింది. "ఆసుపత్రికి పోదాం" అని నేనంటే, "కురుపుకు ఆసుపత్రేందే? నువ్వు చదువుకుని పిరికిదానివైనావు" అంది అమ్మ. మూడో పూటకు వణుకుతో జ్వరం తగిలింది. గడ్డ చుట్టూ చర్మం నేరేడు పండు రంగుకు తిరిగింది. నాయిన పని నుంచి వచ్చి చూసి, వచ్చిన కాళ్ళతోనే వెళ్ళి జట్కా తెచ్చాడు.

మేము వెళ్ళింది మిల్లూ సర్కారూ కలిసి నడిపే బీమా ఆసుపత్రికి. పనివాళ్ళ జీతంలో నెలనెలా కొంత పట్టుకుంటారు. దానికి బదులు పనివాడికీ, అతని భార్యకూ, పిల్లలకూ వైద్యం జరుగుతుంది. డాక్టరుగారు కోస్తా వైపు మనిషి, ఏడాది కిందటే వచ్చారు. అమ్మ వీపు చూసి, ముందు యూరిన్ పరీక్ష చేయించారు. గాజు గొట్టంలో నీలం మందు కాగి కాగి ఇటుక రంగుకు మారింది.

"షుగర్ ఫోర్ ప్లస్. ఈమెకు డయాబిటీస్ ఉందమ్మా. వీపు మీదిది కార్బంకుల్. మీరు రాచకురుపు అంటారే, అది. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది ఊరికే మానదు."

"చక్కెర తినేదే లేదు సారూ. మాదంతా బెల్లమే" అంది అమ్మ, తన తప్పు లేదన్నట్టు.

డాక్టరుగారు నవ్వుతూనే అమ్మ పాత కేస్ షీటు తిప్పారు. నవ్వు ఆగిపోయింది.

"ఈమెకు పెన్సిలిన్ రియాక్షన్ వచ్చిందా? ఎర్ర సిరాతో రాశారు. ఒళ్ళంతా దద్దుర్లు, పల్స్ అందలేదు, మనిషి దక్కడమే కష్టమైంది అని ఉంది. అయితే పెన్సిలిన్ వెయ్యడానికి వీల్లేదు. సల్ఫా మాత్రలతో చూద్దాం."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ వైపు చూస్తోంది. చిన్నమ్మ వంగి అమ్మ కాళ్ళ మీద దుప్పటి సర్దింది. అప్పటికే అది సరిగానే ఉంది. నాయిన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకొని, "అవును సారూ" అన్నాడు.

నేను కర్నూలులో చదువుకునే రోజుల్లో ఎప్పుడో అమ్మ చావు దాకా పోయి వచ్చిందనీ, నాకు చెప్పకుండా ముగ్గురూ దాచారనీ అనుకున్నాను. మనిషి జ్వరంతో మూలుగుతుంటే నాకు ఆ కోపం వచ్చింది. అప్పుడు కూడా చెయ్యి పట్టుకొని కూర్చున్నది చిన్నమ్మే అయి ఉంటుంది గదా అని.

అమ్మను వార్డులో చేర్చారు. పూటపూటకూ ఇన్సులిన్, గంటలు చూసి సల్ఫా మాత్రలు. జ్వరం దిగలేదు. కురుపు అరచెయ్యంత అయింది. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"చదువుకున్నదానివి, నీకు చెప్తున్నాను. దాన్ని కోసి కుళ్ళు తియ్యాలి. కాని పెన్సిలిన్ అండ లేకుండా ఇంత షుగర్ ఉన్న మనిషి మీద కత్తి పెట్టడానికి నాకు ధైర్యం చాలడం లేదు. విషం రక్తంలోకి పోతే సెప్టిసీమియా అవుతుంది. ఇంకో కొత్త మందు ఉంది, మద్రాసుకు రాశాను. అది వచ్చేదాకా మీ అమ్మ నిలవాలి."

వరండాలో చిన్నమ్మ విమలను భుజాన వేసుకొని జోకొడుతోంది. నా బిడ్డ కూడా ఆమె భుజం మీదే నిద్రపోతుంది. నా దగ్గర ఏడుస్తుంది.

"అప్పుడేమైంది చెప్పు చిన్నమ్మా" అన్నాను. "అమ్మకు ఏ జబ్బు చేసింది? ఎందుకు నాకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

చిన్నమ్మ చీర అంచు కొంచెం పైకి లాగి, కాలి పిక్క మీద మెలి తిరిగిన మచ్చ చూపించింది.

"చెనిక్కాయ చేనులో కొడవలి తగిలి తెగింది. చీము పట్టింది. సూది వేసింది అక్కకు కాదు పాపా. నాకు."

నాకు అర్థం కాలేదు.

"మిల్లోళ్ళు పెండ్లాము పేరు ఒకటే రాసుకుంటారు. ఆ పేరు అక్కది. నాకేమన్నా అయితే అక్క పేరుతోనే పోతాండా. లక్ష్మమ్మా అని పిలిస్తే నేనే లేసి పోతాండా. ఇన్నేండ్లు అట్లనే జరిగిపాయ." ఆమె గొంతు తగ్గించింది. "నేను బతికి ఇంటికొచ్చినప్పుడు అక్క ఏమనిందో తెల్సా? 'ఆ సూదికి నువ్వు చచ్చింటే వాళ్ళ పుస్తకంలో నేను చచ్చిపోయిందును గదే. కర్మ ఎవరికి చేస్తురు?' అని కడుపు పట్టుకుని నవ్విరి అక్కా, మీ నాయినా."

వాళ్ళు నవ్వుకున్న ఆ పూట నేను ఎక్కడున్నానో లెక్క వేసుకోబోయి మానుకున్నాను.

"అయితే డాక్టరుకు చెప్పు! ఇప్పుడే చెప్పు!"

"చెప్తానంటే అక్క ఒట్టు వేయించుకునింది పాపా."

ఎందుకో కూడా ఆమే చెప్పింది. నాయినకు యాభై అయిదు నిండబోతున్నాయి. మిల్లులో రిటైరయ్యేవాళ్ళకు రెండు దారులు పెట్టారు. చేతికి రావలసిన ఫండు డబ్బులో కొంత బీమాకు వదిలేస్తే బతికినన్నాళ్ళు అతనికీ, ఒక భార్యకూ ఆసుపత్రి హక్కు ఉంటుంది. లేదా అంతా చేతికి తీసుకొని ఆసుపత్రికి దండం పెట్టి పోవచ్చు. ఒకసారి ఒప్పుకొని సంతకం పెట్టాక మార్చడానికి లేదు. ఇలాంటి సమయంలో, ఒక పేరు మీద ఇద్దరు ఆడవాళ్ళు మందులు తీసుకున్నారని తెలిస్తే, మోసం కింద లెక్క కట్టి ఉత్త చేతులతో పంపుతారని మిల్లులో ఎవరో నాయినను భయపెట్టారు.

నేను అమ్మ మంచం దగ్గరికి పోయాను. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"నేను చెప్పేస్తానమ్మా."

"నోరు మూసుకో పాపా. మీ నాయిన ఆ బాయిలర్ కాడ ఉడికి ఉడికి ఈ మాత్రం చేసుకున్యాడు. నా ఒక్క కురుపు కోసం అదంతా బుగ్గి చేస్తావా?"

"నువ్వు పోతే?"

అమ్మ కళ్ళు మూసుకొనే నవ్వింది. "పోతే నా పేరు ఖాళీ అవుతాది గదా. నరసి నిజంగానే దాంట్లో దూరుకుంటాది. ఆసుపత్రి దానికన్నా దక్కుతాది."

అంతకుముందు ఆమె ఏమన్నా ఓర్చుకున్నాను. ఈ మాట ఓర్చుకోలేకపోయాను. వీపు ఇచ్చింది. మొగుణ్ణి ఇచ్చింది. చచ్చిపోతూ ఇప్పుడు పేరు కూడా ఇచ్చి పోతానంటోంది. నాకేం మిగిల్చింది? నేను డాక్టరుగారి గదికి వెళ్ళాను. తల్లి ప్రాణం కోసం వెళ్ళావు అంటారు మావారు. నిజమే. కాని ఆ వరండాలో నడిచేటప్పుడు నా మనసులో ఉన్న మాట ఒక్కటే: అది మా అమ్మ పేరు, అందులో ఇంకొకరి జబ్బు ఉండడానికి వీల్లేదు.

డాక్టరుగారు అంతా విని కుర్చీలోంచి లేచారు.

"అంటే, కేస్ షీటులో ఉన్న మనిషి వేరు, మంచం మీద ఉన్న మనిషి వేరా? ఏమ్మా, నేను ఇన్ని రోజులూ ఎవరికి వైద్యం చేస్తున్నాను? ఈ కాగితాన్ని నమ్మి మనిషిని చంపుకునేవాణ్ణి గదా!"

ఆయన విసవిసా వార్డులోకి వచ్చి, మంచం ముందు నిలబడి గట్టిగా పిలిచారు. "లక్ష్మమ్మా!"

"ఆఁ" అంది మంచం మీది నుంచి అమ్మ. "ఆఁ" అంది తలుపు దగ్గరి నుంచి చిన్నమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నాలుకలు కరుచుకున్నారు. పక్క మంచం ఆమె పకపకా నవ్వింది. అంత కోపంలోనూ డాక్టరుగారు మీసం కింద నవ్వు దాచుకోలేకపోయారు. నేను మాత్రం నవ్వలేదు. పిలిస్తే ఇద్దరూ ఒకేసారి పలకగలగడం ఎంత కాలం కలిసి బతికితే వస్తుంది?

ముందు అమ్మ చేతి మీద చర్మంలోకి చుక్క మందు వేసి చూశారు. దద్దు రాలేదు. అప్పుడు పెన్సిలిన్ మొదలుపెట్టారు. మర్నాడు కత్తి పెట్టారు. "క్రాస్ ఇన్సిషన్, అంటే అడ్డంగా నిలువుగా కోత పెట్టాను. కుళ్ళంతా వచ్చేసింది. ఇక ఇన్సులిన్, పెన్సిలిన్, ఓపిక. మూడూ కావాలి" అన్నారు బయటికి వచ్చి. జ్వరం మెల్లగా దిగింది. రోజూ చీము లాగే మెగ్‌సల్ఫ్ మందుతో డ్రెస్సింగు. ఆ గుంత అడుగు నుంచి ఎర్రగా కండ పూడుకుంటూ రావడానికి చాలా కాలం పట్టింది. డ్రెస్సింగు మార్చే ప్రతిసారీ అమ్మ పట్టుకునేది చిన్నమ్మ చేతినే.

కాని నాకూ ఒకటి దొరికింది. ఇన్సులిన్ ఇంటి దగ్గర ఎవరో ఒకరు వెయ్యాలి, నేర్చుకోండి అన్నారు నర్సుగారు. నేను ముందుకు వచ్చాను. గాజు సిరంజిని నీళ్ళలో కాచడం, స్పిరిట్ దూదితో తుడవడం, గాలి బుడగ పోగొట్టడం నేర్చుకున్నాను. బత్తాయి పండు మీద గుచ్చి గుచ్చి చెయ్యి కుదిరాక అమ్మ తొడ మీద వేశాను. "నొప్పి తెలీనే లేదు" అంది అమ్మ. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. వీపు చిన్నమ్మదైతే కానీ, సూది నాది.

డాక్టరుగారు మాట దాచలేదు. "నేను పైకి రాయక తప్పదు. మీరే వచ్చి నిజం చెప్పారని కూడా రాస్తాను" అన్నారు. బీమా ఆఫీసులో నాయినను నిలబెట్టి చీవాట్లు పెట్టారు. అయితే మిల్లులో వాళ్ళు భయపెట్టినట్టు ఉత్త చేతులతో పంపలేదు. ఇకమీదట ఒక్క భార్యకే హక్కు, ఆ మనిషే వచ్చి కనబడాలి, ఎవరో తేల్చుకో అన్నారు.

నాయిన వార్డుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆలూరు దగ్గర ఆయన దాయాదుల నల్లరేగడి చేను అమ్మకానికి వచ్చింది. ఆయన మనసు దాని మీద ఉంది. "చేను కొంటే గింజలు తింటాము. ఆసుపత్రి కొనుక్కుంటే ఏం తింటాము, మాత్రలా?" అన్నాడు. తరువాత అమ్మ వీపు మీది కట్టు చూసి, "సరేలే. ఆసుపత్రే అనుకుందాము. ఎవరి పేరు రాసేది?" అన్నాడు.

"నరసి పేరు రాయి" అంది అమ్మ వెంటనే.

"అక్కకు సూదిమందు బతికినన్నాళ్ళు గావాల. నాకేమయ్యా, దున్నపోతు మాదిరి ఉండా. అక్క పేరే ఉండనీ" అంది చిన్నమ్మ.

"దున్నపోతుకు మాత్రం జబ్బు రాదా? నాకు పాప ఉండాది. దానికెవరుండారు?"

"నువ్వు లేవా?"

"నేనెన్నాళ్ళుంటానే పిచ్చిదానా!"

వాళ్ళు అలా వాదించుకుంటుంటే నేను మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నాను. నాకు పాప ఉండాది అని ఆమె అన్న ఆ ఒక్క మాట కోసం చిన్నప్పటి నుంచీ కాచుకున్నాను. వచ్చేసరికి అది నా మీద ప్రేమతో రాలేదు, చిన్నమ్మకు ఇంకొకటి ఇవ్వడానికి వచ్చింది.

నాయిన నా వైపు తిరిగాడు. "బయట బెట్టింది నువ్వు. చదువుకునింది నువ్వు. నువ్వే చెప్పు పాపా."

"అమ్మ పేరు" అన్నాను. "ఇన్సులిన్ ఒక్క రోజు ఆగినా ప్రమాదమని డాక్టరుగారు చెప్పారు. చేను వద్దు."

అది సరైన మాటే. ఏ డాక్టరును అడిగినా అదే చెబుతాడు. ఇన్సులిన్ కావలసింది చిన్నమ్మకే అయి ఉంటే నువ్వేమనేదానివని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. చిన్నమ్మ తల ఊపి, "ఇంతసేపూ నేను చెప్తాండేది అదే గదా" అని విమలను ఎత్తుకొని నీళ్ళు తాగించడానికి పోయింది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంటికి వచ్చాక కూడా అమ్మ నాతో మాట్లాడలేదు. సూదికి తొడ ఇచ్చేది, ముఖం ఇచ్చేది కాదు. ఒక్కసారి మాత్రం చిన్నమ్మతో అన్నట్టుగా నాకు వినిపించేలా అంది. "నోరు జారి నిన్ను బయటికి నెట్టినారు గదే."

తిండి దగ్గర ఇంకో గొడవ. డాక్టరుగారు వరి అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నారు. పల్లెలో జొన్నలూ కొర్రలూ తిని పెరిగి, మిల్లు జీతంతో వరి అన్నానికి ఎగబాకిన మనిషి. "ఇంత బతుకు బతికి మళ్ళా రొట్టెకే వస్తినా" అని కంట నీరు పెట్టుకుంది. చిన్నమ్మ తనూ అన్నం మానేసి, అక్క పక్కన కూర్చొని రొట్టే తినడం మొదలుపెట్టింది. నేను బిడ్డకు పాలిచ్చేదాన్ని, రొట్టె పడక అన్నమే తిన్నాను. అక్కడా వాళ్ళిద్దరూ ఒక పంక్తి, నేనొక్కదాన్ని ఒక పంక్తి.

అప్పుడు వచ్చింది గురువారం. అమ్మకు మంత్రాలయం స్వామి మొక్కు ఉంది, గురువారాలు ఉపవాసం. జబ్బులో తప్పిపోయిన వారాలు తీర్చుకోవాలని ఎవరికీ చెప్పకుండా ఉపవాసం పట్టింది. నేను పొద్దున మామూలుగా ఇన్సులిన్ వేశాను. చిన్నమ్మ ఇచ్చిన రొట్టెను కొంగు కింద దాచి బర్రెకు వేసిందట. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమట పట్టింది. చేతులు వణికాయి. నాయినను పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టింది, జన్మలో తిట్టనిది.

"గాలి సోకినట్టుండాది" అని చిన్నమ్మ దిష్టి తియ్యడానికి ఉప్పూ మిరపకాయలూ తెచ్చింది. నాకు డాక్టరుగారి మాటలు గుర్తుకొచ్చాయి. "చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే అది హైపోగ్లైసీమియా, షుగర్ మరీ పడిపోవడం. ముందు నోట్లో తీపి పెట్టు, తరువాత నన్ను పిలు." చెంబులో బెల్లం పిసికి, తెలివి ఉండగానే తల ఎత్తి పట్టి తాగించాను. పళ్ళు బిగించింది, సగం నా మీద ఉమ్మింది. వదలకుండా పట్టాను. కొంతసేపటికి చెమట ఆరింది. కళ్ళు నా ముఖం మీద నిలిచాయి.

"ఉపాసం చెడగొట్టినావు గదే" అంది అమ్మ.

ఎన్నో రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట అది. నేను ఏడ్చాను. "చెడగొడతాను. ప్రతి గురువారం చెడగొడతాను" అన్నాను. స్వామికి కూడా ఇన్సులిన్ సంగతి తెలిసే ఉంటుందని నాయిన తీర్పు చెప్పాడు.

బడులు తెరిచారు. మావారు కడపలో హైస్కూలు మాస్టరు, రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. చిన్నమ్మకు ఇంజెక్షను నేర్పిన తరువాత వస్తానని నేను బదులు రాశాను. నిజానికి నేర్పడం మొదలే పెట్టలేదు. ఒక్కటైనా నాకే ఉండనీ అనుకున్నాను. చివరికి ఆయన, "ఇన్ని వారాలైనా ఇంజెక్షను వెయ్యడం రాలేదంటే, మీ చిన్నమ్మ అంత మందబుద్ధా, లేక నువ్వు అంత చెడ్డ టీచరువా?" అని రాశారు. మాస్టరు పెండ్లాన్ని. ఆ మాట తగిలింది.

బత్తాయి పండు తెచ్చి చిన్నమ్మ చేతిలో పెట్టాను. పండుకు చక్కగా గుచ్చింది. అమ్మ ముందుకు వచ్చేసరికి వెనక్కి జరిగింది. కురుపు కడిగిన మనిషి, చీము చూసి జడవని మనిషి, సూది పట్టుకొని ఏడ్చింది.

"పండుకైతే గుచ్చొచ్చు పాపా. అక్కను ఎట్ల గుచ్చేది?"

అప్పుడు నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి గుచ్చాము. అమ్మ తల పైకెత్తి, "ఏమే, ఇద్దరూ ఒకటై నన్ను పొడుస్తాండారా?" అంది. ఆ ఇంట్లో ఇద్దరు ఒకటైనప్పుడు నేను అందులో ఒకదాన్ని కావడం అదే మొదటిసారి.

ఇప్పుడు అమ్మ బాగుంది. వీపు మీద నాలుగు మూలల మచ్చ మిగిలింది. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన కొత్త కుండలో పెట్టుకుంటారు. వారానికోసారి ఇంట్లోనే నీలం మందు కాచి, రంగు ఆకుపచ్చ దాటకుండా చూసుకుంటారు. చిన్నమ్మ లేని రోజు నాయినే సూది వేస్తాడు. "ఇన్నేండ్లు స్టీం గేజీ చూసినోణ్ణి, ఈ గీతలు చూడలేనా?" అంటాడు. చేను వేరేవాళ్ళు కొనుక్కున్నారు. దాని మాట ఆయన ఎత్తడు.

మొన్న చలికాలంలో చిన్నమ్మ విమలను చూడడానికి కడప వచ్చింది. వచ్చిన నాలుగో రోజే దవడ వాచింది. సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాను. చీటీ రాసే ఆయన పేరు అడిగాడు. "లక్ష్మ..." అని ఆగి నా వైపు చూసింది. తరువాత నిదానంగా, "నరసమ్మ" అంది.

"ఎవరి తాలూకు?" అన్నాడాయన.

"నా మనిషి" అన్నాను నేను.

లోపల డాక్టరు ఇంకా నోరు తెరవమనకముందే చిన్నమ్మ వార్డంతా వినబడేటట్టు చెప్పింది. "నాకు పెన్సిలిన్ పడదు సారూ. అది అక్కకు కాదు, నాకే." ఆయన నవ్వుకుంటూ ఆమె చీటీ మీద, ఆమె పేరు కింద, ఎర్ర సిరాతో రాశారు.

వాపు తగ్గాక కూడా ఆమెను పంపబుద్ధి కాలేదు. నాయిన చేత అమ్మ ఉత్తరం రాయించింది. "దాన్ని నీకాడనే పెట్టుకుంటావా ఏమి? ఈడ నా వీపు రుద్దేవాళ్ళు లేరు. మీ నాయిన రుద్దితే బాయిలర్ తోమినట్టుండాది. నీకైతే మొగుడుండాడు, బిడ్డ ఉండాది. నా చెల్లెలు గూడా గావాల్నా?" నేను ఆ ఉత్తరం చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆ మాటల్లో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు, చిన్నప్పటి నుంచీ ఎరిగినదే. చదువుతుంటే మనసు చల్లబడింది. చిన్నమ్మను ఇంకొన్ని రోజులు ఉంచుకున్నాను.

విమల నిద్రపోయాక కూర్చొని ఇదంతా రాయడానికి కారణం ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా ఉద్యోగం విరమించి, బీమా ఉంచుకోవడమా మానడమా, ఎవరి పేరు పెట్టడమా అని తేల్చుకోవలసి వస్తే, ఎవరిది ఏ జబ్బో, ఎవరికి ఏ మందు పడదో వాళ్ళ వాళ్ళ పేరు మీదే ఉన్నదా అని ముందుగా చూసుకోండి. హక్కు లేనివారిని ధర్మాసుపత్రికైనా తీసుకుపొండి గాని, ఒకరి పేరు మీద ఇంకొకరికి మందు ఇప్పించకండి.

మా ఇంట్లో ఇప్పుడు లక్ష్మమ్మా అని పిలిస్తే ఒక్కరే పలుకుతారు.